లోకం మారినంత మాత్రాన అహం సడలదు

అహంకారం మీది పట్టును సడలించుకుంటే మనిషి తానున్న వాస్తవంలోంచి తాను కోరుకున్న మరో వాస్తవంలోకి మారిపోగలడనీ, ఆ సడలింపే ఆ ప్రయాణానికి తొలి సన్నాహమనీ చెప్పే వాదం ఇటీవలి సంవత్సరాలలో యువతలో బాగా వ్యాపించింది. రియాలిటీ షిఫ్టింగ్ అనే పేరుతో 2020లో, కోవిడ్ లాక్‌డౌన్ల కాలంలో, టిక్‌టాక్ వీడియోల ద్వారా దేశదేశాలకూ పాకిన ఈ సాధనలో ప్రస్తుతం జీవిస్తున్న లోకాన్ని ‘కరెంట్ రియాలిటీ’ అనీ, చేరదలచిన లోకాన్ని ‘డిజైర్డ్ రియాలిటీ’ అనీ పిలుస్తారు. చేరదలచిన లోకం ఎక్కువమందికి హ్యారీ పాటర్ నవలల్లోని హాగ్వార్ట్స్ పాఠశాల వంటి కల్పిత జగత్తు; మరికొందరికి తమ జీవితమే, కాకపోతే కష్టాలన్నీ తీసివేసిన రూపంలో. వెళ్లే ముందు అక్కడి వివరాలన్నీ కాగితం మీద రాసుకోవడాన్ని ‘స్క్రిప్టింగ్’ అంటారు. ఆ తరువాత వెల్లకిలా పడుకొని, కాళ్లూ చేతులూ ఒకదానికొకటి తగలకుండా చాచి, కళ్లు మూసుకొని వంద దాకా లెక్కపెడుతూ నిద్రకూ మెలకువకూ నడుమ స్థితిలో ఆ లోకాన్ని భావించడం ఒక పద్ధతి; దానికి ‘రావెన్ పద్ధతి’ అని పేరు.

ఎన్నిసార్లు ప్రయత్నించినా మార్పు జరగలేదని చెప్పేవారికి ఈ మార్గంలోని పెద్దలు ఇచ్చే సమాధానం ఇంచుమించు ఒక్కటే. సాధకుడు తన పేరును, శరీరాన్ని, కుటుంబాన్ని, చదువును ‘నేను’ అని ఇంకా గట్టిగా పట్టుకొని ఉన్నాడు గనుక కదలలేకపోతున్నాడు. ఆ గుర్తింపును వదులు చేస్తే కదలిక దానంతట అదే వస్తుంది. ఈ మాటకు బలం కోసం వారు భారతీయ అద్వైతాన్ని తోడు తెచ్చుకుంటారు. జగత్తు మనఃకల్పితమన్న యోగవాసిష్ఠం, ‘నేనెవరు?’ అని విచారించమన్న రమణ మహర్షి, బంధాన్ని సడలించి పరశరీరంలో ప్రవేశించవచ్చన్న పతంజలి, అందరూ తమ పక్షాన నిలిచినట్టే వారు మాట్లాడతారు. ఈ పూర్వపక్షాన్ని తేలిగ్గా తీసివేయడం తగదు, ఎందుకంటే ఆ గ్రంథాలలో దానికి ఆధారంగా కనిపించే మాటలు నిజంగానే ఉన్నాయి. వాటిని చివరిదాకా చదివితే మాత్రం అవే ఈ వాదాన్ని కూలదోస్తాయి.

ఈ విచారణకు తమిళనాడులోని విరుదునగర్ జిల్లా తగిన చోటు. రమణ మహర్షి 1879 డిసెంబర్ 30న వెంకటరామన్‌గా పుట్టిన తిరుచుళి ఈ జిల్లాలోనిదే. 1985లో పాత రామనాథపురం జిల్లా నుంచి విడదీసిన ఈ ప్రాంతంలోను, దక్షిణాన కోవిల్‌పట్టి దాకా సాగే కరిసల్ నేలలోను, అంటే పత్తి పండే నల్లరేగడిలోను, కమ్మ నాయుళ్లు, రెడ్లు, రాజులు, రాజకంబళత్తారు, అరుంధతీయులు వంటి సమూహాల ఇళ్లలో తెలుగు తరతరాలుగా ఇంటిభాషగా నిలిచి ఉంది. అహంకారాన్ని గురించి ఇరవయ్యో శతాబ్దంలో వెలువడిన అత్యంత నిశితమైన విచారణకు మూలపురుషుడు తమ పక్క ఊరివాడే అయినప్పుడు, ఆయన పేరు మీద చలామణి అవుతున్న సరుకు ఆయనదో కాదో తేల్చుకొనే బాధ్యత ఇక్కడి పాఠకులకు మరికొంత ఎక్కువ.

మొదట తర్కం సంగతి. కోరుకున్న వాస్తవానికి వెళ్లాలనే కోరిక ఎవరిది? అది అహంకారానిదే అయితే, ఆ కోరిక బలంగా ఉన్నంతకాలం అహంకారం సడలిందనడం కుదరదు. అహంకారం నిజంగా సడలిపోయిందంటే, వెళ్లవలసినవాడూ వెళ్లాలనే కోరికా రెండూ దానితోపాటే సడలిపోతాయి గనుక ప్రయాణం ప్రసక్తే ఉండదు. మొదటి పక్షంలో సన్నాహం జరగలేదు; రెండో పక్షంలో సన్నాహం జరిగింది కాని దేనికోసం జరిగిందో అది మిగలలేదు. తార్కికులు ఉభయతఃపాశం అని పిలిచే చిక్కు, అంటే ఎటు లాగినా ఉచ్చు బిగిసే పలుపు, ఇదే. దీని నుంచి బయటపడడానికి షిఫ్టింగ్ వాదులు చెప్పే ఉపాయం ఏమిటంటే, సడలవలసింది అహంకారం మొత్తం కాదనీ, ఈ లోకంలోని పాత్రతో ఉన్న తాదాత్మ్యం మాత్రమేననీ. తాదాత్మ్యం అంటే ఒకదాన్ని తానే అని భావించడం. ఈ సవరణతో వాదం నిలబడుతుంది కాని దాని గొప్పతనం పోతుంది, ఎందుకంటే ఇప్పుడు చెబుతున్నది అహంకారాన్ని తగ్గించుకోమని కాదు, దాని చిరునామా మార్చుకోమని.

ఒక సాధారణమైన స్క్రిప్టును పరిశీలిస్తే ఈ సంగతి బోధపడుతుంది. అక్కడ తన ఎత్తు ఎంత ఉండాలి, జుట్టు ఏ రంగులో ఉండాలి, ఎవరు తనను ప్రేమించాలి, ఏ విద్యలో తాను అందరికంటె మిన్నగా ఉండాలి, దెబ్బ తగిలినా నొప్పి తెలియకూడదా, ఇక్కడి ఒక రాత్రి అక్కడ ఎన్నాళ్లకు సమానం కావాలి, తిరిగి రావాలంటే ఏ మాట పలకాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. తమకు నచ్చని ఏ సంగతీ అక్కడ ఎదురుకాకూడదన్న షరతు కూడా తరచుగా ఉంటుంది. మామూలు జీవితంలో ఎంతటి గర్విష్ఠికైనా ఇంత అధికారం దొరకదు. పక్కింటివాడి మాట, అధికారి కోపం, వాన రాకపోవడం, ఒంటి నలత ఏదో ఒకటి రోజూ అతని గర్వాన్ని కొంత కోస్తూనే ఉంటుంది. ఆ కోత పెట్టే వాటన్నిటినీ ముందుగానే కొట్టివేసి రాసుకున్న లోకంలో అహంకారం సడలదు సరికదా, ఎన్నడూ లేనంతగా బిగుస్తుంది. ఇల్లు ఖాళీ చేసేవాడు సామానంతా బండికెత్తుకొని పోయినట్టు, ఈ ప్రయాణంలో కోరికలు, భయాలు, పోలికలు అన్నీ వెంటే వస్తాయి. వెనక మిగిలేది గోడలు మాత్రమే.

ఇక రమణుల సాక్ష్యం. తండ్రి సుందరమయ్యరు 1892లో మరణించాక వెంకటరామన్ మదురైలో చొక్కప్ప నాయకన్ వీధిలోని పినతండ్రి ఇంట చేరి చదువుకున్నాడు. 1896 జూలైలో, పదహారేళ్ల వయసులో, ఏ జబ్బూ లేకుండానే ఆ ఇంటి మేడగదిలో అతణ్ణి హఠాత్తుగా మరణభయం ఆవరించింది. అతడు పడుకొని, కాళ్లూ చేతులూ బిగదీసి, పెదవులు మూసి, శవంలా కదలకుండా ఉండి, ఈ శరీరం చనిపోతే చనిపోయేది ఎవరని తనలో వెతికాడు. బయటి నుంచి చూసేవారికి ఈ భంగిమకూ రావెన్ పద్ధతిలో పడుకున్న కుర్రవాడి భంగిమకూ తేడా కనిపించకపోవచ్చు, బహుశా ఈ పోలికే చాలామందిని మోసగిస్తున్నది. పడుకున్నవాడి చూపు ఎటు ఉందన్నదే అసలు భేదం. ఒకడు లెక్క పూర్తయ్యాక కళ్ల ముందుకు రాబోయే దృశ్యం కోసం ఎదురుచూస్తున్నాడు. మరొకడు చూసేవాడెవరని వెనక్కి తిరిగాడు. వెంకటరామన్‌కు ఆ విచారణ చివర కనిపించింది మరో లోకం కాదు, మరో దేహం కాదు, మరో పేరు కాదు.

దాని ఫలితంగా జరిగిన ప్రయాణం కూడా గమనించదగినది. ఆ ఏడాది ఆగస్టు 29న, అన్నగారి కళాశాల ఫీజు కోసం ఇచ్చిన అయిదు రూపాయలలో మూడు తీసుకొని రెండు అక్కడే ఉంచి, ఒక చిన్న చీటీ రాసిపెట్టి అతడు ఇల్లు విడిచాడు. ఆ చీటీ ‘నేను’ అని మొదలై, రెండో వాక్యంలోనే ‘ఇది’గా మారి, సంతకం ఉండవలసిన చోట ఒట్టి గీతలతో ముగుస్తుంది, తనను వెతకడానికి డబ్బు ఖర్చు చేయవద్దని, ఫీజు ఇంకా కట్టలేదని అందులో ఉంది. అహంకారం సడలడమంటే ఏమిటో చూపించే పత్రం ఏదైనా ఉంటే ఇదే. వదిలిపోతున్నవాడికి తన పేరు మీద మమకారం పోయింది కాని అన్నగారి ఫీజు బాకీ గుర్తుంది. తాను చేరదలచిన తిరువణ్ణామలైకి అతడు దారి వెతుక్కున్నది కూడా ఒక పాత అట్లాసులో. తిండివనం దాకా రైలు టిక్కెట్టు కొన్నాడు, తిరువణ్ణామలైకి రైలుమార్గం పడిందన్న సంగతి పెట్టెలోని ఒక మౌల్వీ చెబితే తెలుసుకున్నాడు, చేతిలో డబ్బు చాలక కొంత దూరం నడిచాడు, చెవి పోగులు కుదువబెట్టాడు, సెప్టెంబర్ 1న చేరాడు. అడుగడుగునా ఈ లోకపు నియమాలకు లోబడే సాగిన ప్రయాణం అది. పైగా అక్కడికి చేరాక తన కోసం ఏ జీవితం ఎదురుచూస్తున్నదో అతడు ఒక్క ముక్కైనా రాసుకోలేదు.

ఈ అనుభవాన్ని సిద్ధాంతంగా చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన చెప్పింది షిఫ్టింగ్ వాదానికి నేరుగా ఎదురు. 1928లో తమిళంలో వెలువడి, ఆ తరువాత ఆయనే తెలుగులోకి తెచ్చిన, కావ్యకంఠ గణపతి ముని సద్దర్శనం పేరుతో సంస్కృతీకరించిన ‘ఉళ్ళదు నార్పదు’లో అహంకార లక్షణాన్ని వివరించే పద్యం ఒకటి ఉంది. దాని తాత్పర్యం ప్రకారం అహంకారానికి స్వంత రూపం లేదు. అది ఏదో ఒక రూపాన్ని ఆశ్రయించి తలెత్తుతుంది, ఆ ఆశ్రయం మీదే బతుకుతుంది, ఒక రూపం చేజారితే మరో రూపాన్ని అందుకుంటుంది, తన కోసమే ఎవరైనా వెతికితే మాత్రం నిలవలేక పారిపోతుంది. ఈ నిర్వచనం ముందు ఉంచుకొని చూస్తే, ఒక పాత్రను వదిలి మరో పాత్రను అందుకోవడమనే షిఫ్టింగ్ అహంకారం సడలిన తరువాత జరిగే అద్భుతం కాదు. అహంకారం రోజూ చేసే పనే అది. ఆఫీసులో ఒక మనిషిగా, ఇంట్లో మరో మనిషిగా, కలలో ఇంకో మనిషిగా అది రోజంతా రూపాలు మారుతూనే ఉంటుంది. రోగం పేరు మార్చి మందు అని అమ్మితే ఎలా ఉంటుందో అహంకారపు సహజస్వభావాన్ని అహంకారానికి విరుగుడుగా ప్రచారం చేయడం అలా ఉంది.

ఇక్కడ షిఫ్టింగ్ వాదులు మరో మాట అంటారు. ఎంతోసేపు నిశ్చలంగా పడుకున్నప్పుడు తమకు ‘నేను’ అన్న స్పృహ నిజంగానే కరిగిపోయిందనీ, ఒంటి బరువు, పేరు, సమయం ఏవీ తెలియలేదనీ అంటారు. అది అబద్ధమని అనవలసిన పని లేదు. అయితే అలాంటి కరుగుదల గాఢనిద్రలో ప్రతి మనిషికీ ప్రతి రాత్రీ కలుగుతున్నదే. రమణుల ఉపదేశసారం మనోలయానికీ మనోనాశానికీ మధ్య ఒక గీత గీస్తుంది. లయం అంటే మనస్సు తాత్కాలికంగా అణగి ఉండడం. అణగినది మళ్లీ లేస్తుంది. నాశం అంటే మళ్లీ లేవకపోవడం. లయం ఎంత లోతైనదైనా కోరికను తాకదని చెప్పడానికి ఆయన ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున తపస్సు చేసే ఒక యోగి శిష్యుణ్ణి నీళ్లు తెమ్మని పంపి, అతడు తిరిగివచ్చే లోపలే సమాధిలోకి జారిపోయి, వందల ఏళ్లు అలాగే ఉండిపోయాడు. శిష్యుడు పోయాడు, రాజ్యాలు పోయాయి, నది దారి మార్చుకుంది. అతడు కళ్లు తెరిచి మొట్టమొదట అడిగిన మాట నీళ్లేవని. శతాబ్దాల లయం గొంతులోని దాహాన్ని ఒక చుక్కైనా తగ్గించలేకపోతే, కోరికను గుండెల్లో పెట్టుకొనే లయంలోకి దిగిన అరగంట సాధన అహంకారాన్ని ఏం చేయగలదు?

షిఫ్టింగ్ వాదానికి గ్రంథాధారాలలో అన్నిటికంటె బలమైనది యోగవాసిష్ఠంలోని లీలోపాఖ్యానం. పదిహేనో శతాబ్దంలో మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెలుగు చేసిన ఈ గ్రంథంలో పద్మ మహారాజు భార్య లీల, చనిపోయిన భర్త మరో లోకంలో రాజుగా ఉండడం సరస్వతి వరంతో చూస్తుంది. ఆ లోకంలోకి వెళ్లాలంటే స్థూలదేహమే తాననే భావాన్ని అభ్యాసంతో వదలాలని దేవి చెబుతుంది, లీల వదులుతుంది, ఇద్దరూ వెళ్తారు. ఇంతవరకే చదివితే షిఫ్టింగ్‌కు ఇంతకంటె స్పష్టమైన శాస్త్రప్రమాణం దొరకదు. కాని కథ అక్కడ ఆగదు. లీల చేరిన లోకంలో ఆమె కోరుకున్న ఏర్పాటు ఒక్కటీ లేదు. అక్కడ ఆమె భర్త విదూరథుడనే పేరుతో సింధురాజుతో యుద్ధం చేసి, ఆమె చూస్తుండగానే మళ్లీ చనిపోతాడు. ఎవరి వియోగాన్ని తప్పించుకోవాలని ఆమె బయలుదేరిందో ఆ వియోగమే అక్కడా ఎదురైంది. దారి పొడవునా ఆమెకు తెలిసి వచ్చింది తనకు లెక్కలేనన్ని జన్మలు గడిచాయనీ, ఏ లోకమూ మరో లోకం కంటె ఎక్కువ నిజం కాదనీ. కథ చివర ఆమె పాత రాజభవనంలోనే, లేచి కూర్చున్న పాత భర్తతోనే, జీవన్ముక్తురాలిగా జీవిస్తుంది. దేహభావాన్ని వదలడం ఆ కథలో లోకాన్ని ఎంచుకొనే స్వేచ్ఛను ఇవ్వలేదు, ఎంచుకోవాలన్న ఆరాటాన్ని తీసివేసింది.

అదే గ్రంథంలోని లవణ మహారాజు కథ ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. సభలో ఒక ఐంద్రజాలికుడు నెమలిపింఛం తిప్పగానే సింహాసనం మీది రాజు రెండు ముహూర్తాల కాలంలో మరో బతుకులో ఏళ్ల తరబడి జీవించి వస్తాడు. ఆ బతుకులో అతడు అడవిపల్లెలో ఒక చండాల కుటుంబానికి అల్లుడై, పిల్లల్ని కని, కరువులో ఆకలితో అల్లాడి, చివరకు నిప్పులో దూకబోతూ మేలుకొంటాడు. నీటిలో మునిగిన క్షణంలో మరో జన్మంతా అనుభవించిన గాధి కథ కూడా ఇటువంటిదే. ఒక రాత్రిలో ఎన్నో ఏళ్లు గడపవచ్చన్న షిఫ్టింగ్ వాదుల ఊహకు ఈ కథలు పూర్వరూపాలే. అయితే వీటిలో ఒక్కరికైనా తాము రాసుకున్న లోకం దొరకలేదు. మనస్సు లోకాలను సృష్టించగలదన్న సత్యాన్ని వసిష్ఠుడు రాముడికి ఉత్సాహం పుట్టించడానికి చెప్పలేదు. ఇన్ని లోకాలను ఇంత తేలిగ్గా సృష్టించే మనస్సు మాటను నమ్మరాదని హెచ్చరించడానికి చెప్పాడు.

పతంజలి విషయం కూడా ఇంతే. యోగసూత్రాల విభూతి పాదంలో, బంధానికి కారణమైనదాన్ని సడలించి, చిత్తం సంచరించే దారిని తెలుసుకుంటే అది పరశరీరంలో ప్రవేశించగలదని నిజంగానే ఉంది. దానికి సరిగ్గా ముందున్న సూత్రం ఇటువంటి శక్తులు బహిర్ముఖమైన మనస్సుకు సిద్ధులుగా కనిపించినా సమాధికి అడ్డంకులని తేల్చి చెబుతుంది. ఒక సూత్రాన్ని పట్టుకొని దాని ముందుదాన్ని విడిచిపెట్టడం ప్రమాణం చూపడం కాదు. శంకరవిజయ గ్రంథాలలో ఆదిశంకరులు అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించిన ఐతిహ్యాన్ని చూసినా, ఆయన శరీరాన్ని శిష్యులు గుహలో కాపలా కాయవలసి వచ్చింది, గడువు మీరిపోతే వారే వచ్చి గురువుకు ఆయనెవరో గుర్తు చేయవలసి వచ్చింది. పరకాయంలో ఎంతటి జ్ఞానికైనా మరపు పొంచి ఉంటుందని ఐతిహ్యమే భయపడుతున్నప్పుడు దాన్ని స్కూలు పిల్లలకు రాత్రి సాధనగా సిఫారసు చేయడంలో ఏ సంప్రదాయమూ లేదు. సిద్ధులన్నీ కలలో దొరికిన సంపదల వంటివని, మేలుకున్నవాడి చేతిలో వాటిలో ఏదీ మిగలదని రమణులు కూడా ఉళ్ళదు నార్పదులోని నలభై పద్యాలలోనే తేల్చారు.

‘నేను’ నిజంగా పక్కకు తప్పుకొనే సందర్భాలు కరిసల్ పల్లెలకు కొత్త కాదు. మారియమ్మ పొంగలి రోజుల్లోనో, రాజకంబళత్తారి జక్కమ్మ కొలుపులోనో ఒకరికి పూనకం వస్తుంది, సామి ఆడుతున్నారంటారు. ఆ కాసేపు మాట్లాడేది ఆ మనిషి కాదనీ, దేవత అనీ ఊరు నమ్ముతుంది. ఇక్కడ వచ్చే దేవత ఎవరన్నది పూనినవారు ఎంచుకున్నది కాదు, కులమూ ఊరూ ఎంచుకున్నది. వచ్చాక వారు తమ సుఖం కోసం ఏమీ అడగరు. వాన ఎప్పుడు పడుతుంది, పిల్లకు పెళ్లి కుదురుతుందా, ఇంట్లో జబ్బు ఎందుకు తగ్గడం లేదు అని ఎదుటివారు అడిగిన వాటికి జవాబు చెబుతారు. చుట్టూ డప్పుంటుంది, పట్టుకొనే చేతులుంటాయి, చివర విభూతి పెట్టి కూర్చోబెట్టి నీళ్లు తాగించే మనుషులుంటారు. దీన్ని ఎవరు ఎలా వ్యాఖ్యానించినా, అహం తొలగడం అన్నది ఇక్కడ ఇతరుల కోసం, ఇతరుల సమక్షంలో జరుగుతుంది. షిఫ్టింగ్‌లో ఇందులోని ప్రతి అంశమూ తలకిందులవుతుంది. పాత్రను తానే ఎంచుకుంటాడు, కోరిక తనదే, పక్కన ఎవరూ ఉండరు, అడిగేవారూ ఉండరు.

అందువల్లనే ఈ వాదంలో నైతికంగా అన్నిటికంటె బలహీనమైన చోటు ‘క్లోన్’ అనే కల్పన. సాధకుడు వెళ్లిపోయినప్పుడు అతని నకలు ఒకటి ఇక్కడ ఉండి తల్లిదండ్రులతో మాట్లాడుతుందనీ, బడికి వెళ్తుందనీ చెప్పి మనసును కుదుటపరుస్తారు. మెలకువా కలా రెండూ సమానమే అని రమణులు చెప్పారు కదా, అలాంటప్పుడు ఈ లోకం కంటె నచ్చిన లోకంలో ఉండడంలో తప్పేమిటని అడుగుతారు. ఈ ప్రశ్నలోనే దాని జవాబు ఉంది. రెండూ సమానమైనప్పుడు ఒకదాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకోవడానికి కారణం ఏదీ మిగలదు. మిగిలిందంటే అవి సమానం కాలేదనే అర్థం. ఆ సమత్వాన్ని పొందిన మనిషి ఎలా బతికాడో కళ్లారా చూసినవారు రాసిపెట్టారు. ఇంటికి రమ్మని తల్లి అళగమ్మ 1898లో బతిమాలినా ఆయన కదలలేదు, కాని 1916లో ఆమె తన దగ్గరికే వచ్చి ఉండిపోయినప్పుడు ఆదరించారు, 1922 మే 19న ఆమె ప్రాణం పోయేదాకా గంటల తరబడి ఒక చేయి గుండె మీద, ఒక చేయి తల మీద ఉంచి పక్కనే కూర్చున్నారు. ఆశ్రమం ఏర్పడ్డాక తెల్లవారకముందే వంటింట్లో కూరలు తరిగేవారు. సూరి నాగమ్మ 1945 నుంచి తెలుగులో రాసిన ఆశ్రమ లేఖల నిండా కనిపించేది ఆవుకూ కోతికీ కూలివాడికీ పండితుడికీ ఒకే విధంగా అందుబాటులో ఉన్న మనిషి. అహంకారం పోయినవాడి స్థానంలో ఇక్కడ నకలు కూర్చోలేదు; మిగతా అందరికంటె ఎక్కువగా ఇక్కడ ఉన్నది ఆయనే.

మరి షిఫ్టింగ్‌లో కొందరు చెప్పే ఆ స్పష్టమైన దృశ్యాలు ఏమిటని అడగవచ్చు. వాటిని అబద్ధాలుగా కొట్టివేయనవసరం లేదు. ఎలీ సోమర్, ఎట్జెల్ కార్డెన్యా తదితర మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2021లో ప్రచురించిన పరిశీలనా వ్యాసం ఈ అనుభవాలకు హిప్నాసిస్‌తోను, కల అని తెలిసి ఉండి కనే లూసిడ్ కలలతోను, జీవితాన్ని ఆక్రమించేంతగా పెరిగే పగటికలలతోను ఉన్న పోలికలను చర్చించింది. ఈ చివరిదానికి ‘మాలడాప్టివ్ డేడ్రీమింగ్’ అని సోమరే 2002లో పేరు పెట్టారు. కదలకుండా పడుకొని, లెక్కపెడుతూ, ఒకే దృశ్యం మీద మనసు నిలిపితే నిద్ర అంచున కలలు మెలకువలోకి చొరబడడం సహజం. పట్టు వదిలితే అవి తేలిగ్గా వస్తాయన్న మాటా నిజమే, ఎందుకంటే ప్రయత్నం తగ్గితేనే నిద్ర పడుతుంది. ఒళ్లు వదులు కావడానికీ అహంకారం సడలడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క మాటతో మాయం చేయడమే ఇక్కడి పొరపాటు.

ఈ పొరపాటు హానిలేనిదీ కాదు. తాను తనకు పరాయిగా, తన జీవితాన్ని దూరం నుంచి చూస్తున్నట్టుగా, చుట్టూ ఉన్న లోకం నకిలీగా అనిపించడాన్ని వైద్యులు డీపర్సనలైజేషన్, డీరియలైజేషన్ అనే పేర్లతో గుర్తిస్తారు. అది విడవకుండా వేధించే రుగ్మతగా మారడం మొదలయ్యే సగటు వయసు పదహారేళ్లు. ఆ స్థితిలో అహంకారం తగ్గదు, తనను తాను గమనించుకోవడం భరించలేనంతగా పెరుగుతుంది. అటువంటి అంచున ఉన్న పిల్లవాడికి పేరును వదులు, కుటుంబాన్ని వదులు, ఈ లోకం నీది కాదు అని చెప్పడం ఉపదేశం కాదు. వెంకటరామన్ వయసూ పదహారే కదా అంటే, ఆయన తన మరణానుభవాన్ని ఎవరికీ పద్ధతిగా నేర్పలేదు. తిరువణ్ణామలై గుడిలోని పాతాళలింగం నేలమాళిగలో పురుగులు కుట్టినా తెలియనంతగా గడిచిన తన తొలి రోజులను ఆదర్శంగా చూపలేదు. సంసారం వదలి వస్తామన్నవారిని తరచుగా ఇంటికే తిరిగి పంపి, ఉన్నచోటనే విచారించమన్నారు.

ఉన్న జీవితం కంటె మెరుగైన జీవితాన్ని కోరుకోవడం తప్పని ఈ ఖండన ఉద్దేశం కాదు. కరిసల్ నేలలోని తెలుగువారి పూర్వులే ఒక లోకాన్ని వదిలి మరో లోకానికి వచ్చినవారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన గోపల్ల గ్రామం నవల, పాలకుడి దౌర్జన్యానికి వెరచి తెలుగుదేశం విడిచిన కమ్మవారు ఈ ముళ్ల పొదల నేలను నరికి, కాల్చి, దున్ని ఊరుగా చేసిన కథ చెబుతుంది. వారు తమ పేర్లను, భాషను, దైవాలను, భయాలను వెంట తెచ్చుకొన్నారు. అహంకారాన్ని సడలించుకొన్నామని చెప్పుకోలేదు. బతుకు మార్చుకోవాలన్న కోరిక న్యాయమైనది, దానికి దారి చదువులోనో, వలసలోనో, పోరాటంలోనో, చికిత్సలోనో ఉంటుంది. ఆ కోరికకు వేదాంతపు ముసుగు వేసి మంచం మీద పడుకోబెట్టడం దాన్ని అవమానించడమే.

కాబట్టి రెండు పనులను వేరు చేసి, వేటి పేర్లతో వాటిని పిలవడం ఈ వివాదానికి పరిష్కారం. కలలను తన అదుపులోకి తెచ్చుకోవాలనుకొనేవాడు దాన్ని కలల విద్యగానే నేర్చుకోవచ్చు. నిద్ర చెడకుండా, చదువు చెడకుండా ఉన్నంతవరకు అందులో అభ్యంతరం లేదు, దానికి రమణుల పేరూ అక్కరలేదు. అహంకారాన్ని సడలించుకోవాలనుకొనేవాడికి పరీక్ష ఒక్కటే: ఈ సాధన ముగిసేసరికి తాను ఇదే గదిలో, ఇదే పేరుతో, ఇదే అప్పులతో ఉంటానని ముందుగానే తెలిసినా అతడు దానికి సిద్ధమేనా? సిద్ధమైతే అతనికి సన్నాహం అన్న మాట అవసరం లేదు, ఎందుకంటే అతడు దేనికీ సన్నద్ధం కావడం లేదు. సిద్ధం కాకపోతే అతడు వదిలించుకోవాలనుకొంటున్నది అహంకారాన్ని కాదు, ఆ అహంకారానికి నచ్చని పరిస్థితులను.